పొద్దుటి పూట వెలిగే రెండు లైట్లు

మా షాపుకు వచ్చే బండ్లలో సగం జబ్బులు షాపు ముందు ఆగగానే నయమైపోయేవి. పొద్దున్నించీ హారన్ మోగడం లేదని వచ్చిన ఆటో మా గడప దగ్గర చెవులు చిల్లులు పడేలా మోగేది. స్టార్ట్ కావడం లేదని నలుగురు తోసుకొచ్చిన కారు, మా ఆయన బానెట్ ఎత్తి ఇంకా ఏమీ ముట్టుకోకముందే బుద్ధిగా స్టార్టయ్యేది. అప్పుడు ఆ బండి తెచ్చినవాళ్ళ మొహం చూడాలి. "ఒట్టు, ఇంతసేపు కాలేదు" అని మాకు నచ్చజెప్పడానికి వాళ్ళు పడే పాట్లు చూసి నేను లోపలికెళ్ళి నవ్వుకునేదాన్ని. కానీ ఒక్క పికప్ బండి విషయంలో మాత్రం నాకు నవ్వు రాలేదు.

నేను హైదరాబాద్ పాతబస్తీలో, ఉప్పుగూడలో పెరిగాను. మా నాన్న కోస్తా నుంచి సర్కారు కొలువు మీద వచ్చి, వెనక్కి వెళ్ళడం మర్చిపోయిన మనిషి. ఇంట్లో ఒక తెలుగు, గుమ్మం దాటితే ఇంకో తెలుగు, రోడ్డెక్కితే ఉర్దూ. తొంభైలలో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, టీవీలు బాగుచేసే చోట కొన్నాళ్ళు పనిచేశాను. ఆ పక్క షాపులో సెల్ఫ్ మోటార్లు విప్పుకుంటూ కూర్చునే మనిషినే పెళ్ళి చేసుకున్నాను. మా అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, ఆ తర్వాత అల్లుడికి పెసరట్లు పోసిపెట్టడం మొదలుపెట్టింది.

యాకుత్‌పురా స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో మా ఇద్దరి ఆటో ఎలక్ట్రికల్ షాపు. లావు వైర్లు ఆయనవి, సన్న వైర్లు నావి. అంటే బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ మోటార్ ఆయన చూసేవాడు. రెండు వేల సంవత్సరం తర్వాత బండ్లలో కంప్యూటర్ డబ్బాలు రావడం మొదలయ్యాక ఆ డబ్బాలూ, వాటికి వెళ్ళే వెంట్రుకల్లాంటి వైర్లూ నా పాలబడ్డాయి. కొత్తలో ఆడమనిషి బానెట్‌లో తల దూర్చడం చూడటానికి పక్క హోటల్లోంచి టీ గ్లాసులతో సహా లేచి వచ్చేవాళ్ళు. నాకసలే కోపం ఎక్కువ. "టికెట్ పెట్టాల్నా?" అని అడిగితే మెల్లగా జారుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళకే విసుగు పుట్టింది. నేను మాత్రం హాయిగా పనిచేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ సంవత్సరాలంత సుఖంగా నేను తర్వాత ఎప్పుడూ లేను.

ఆ పికప్ కార్వాన్‌లో గాజు, పింగాణీ సామాను టోకున అమ్మే సేట్‌ది. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాన్ల తొట్టి. సేట్ మేనల్లుడు ఆఫ్రికాలో వ్యాపారం మూసేసుకుని తిరిగి వస్తూ ఓడలో వేసుకొచ్చిన బండి. అలాంటిది మన దగ్గర అమ్మరు కాబట్టి ఏ షోరూముకు తీసుకెళ్ళినా "మాది కాదు" అని చేతులెత్తేశారు. అలా తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చింది.

తెచ్చినవాడు చాచా. పేరుతో మాకు పని పడలేదు, బస్తీ మొత్తానికి ఆయన చాచానే. యాకుత్‌పురాలోనే మాకు రెండు గల్లీల అవతల ఇల్లు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ తప్పని లాల్చీ. సేట్ వాళ్ళ దుకాణంలో గాజు సామాను మోసే బండ్లన్నీ వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయనే నడిపాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే బండి చేత కూడా అనుమతి అడిగించేవాడేమో అనిపించేంత మెల్లగా ఎక్కించేవాడు. వెనకాల పెట్టెల్లో గ్లాసు పగిలిందన్న మాట ఆయన హయాంలో వినబడలేదని సేటే అంటుండేవాడు.

"రెండు లైట్లు వెలుగుతున్నయి బేటీ," అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు. "ఒకటి ఏబీఎస్ అని రాసి ఉన్నది. ఇంకోటి, కారు జారుతున్నట్టు బొమ్మ. పసుపుపచ్చగ వెలుగుతయి. చూస్తుంటే దిల్ పిసికినట్టు అయితది."

"ఇప్పుడు వెలగడం లేదు కదా చాచా."

"గదే గద నా ఫికర్," అని తల పట్టుకున్నాడు.

ఆ లైట్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది. అలా జారకుండా బ్రేకును పట్టీ వదిలీ పట్టే ఏర్పాటు ఏబీఎస్. రెండోది ట్రాక్షన్ కంట్రోల్. బురదలోనో తడిలోనో చక్రం ఉన్నచోటే గిర్రున తిరక్కుండా చూస్తుంది. ఈ రెండింటికీ ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలియాలి. అందుకని ప్రతి చక్రం వెనకా వేలెడంత సెన్సర్ ఒకటి కూర్చుని, పళ్ళ చక్రం తిరుగుతుంటే లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. నలుగురిలో ఒకడు లెక్క తప్పినా కంప్యూటర్ ఈ రెండు పనులూ ఆపేసి, రెండు లైట్లూ వెలిగించి ఊరుకుంటుంది. మామూలు బ్రేకు మామూలుగానే పడుతుంది. ఈ మాట సేట్‌కు ఫోనులో నేనే చెప్పాను. "బ్రేకు లైటు వెలిగిన బండిల నా గాజు సామాను ఎట్ల పెట్టాలె బిడ్డా?" అన్నాడాయన.

ఆ బండిలో ఇంకో వెసులుబాటు ఉంది. బానెట్ కింద చిన్న ప్లగ్గులో రెండు కన్నాలను వైరు ముక్కతో కలిపితే, జ్ఞాపకంలో దాచుకున్న తప్పును ఆ లైటే మిణుకు మిణుకుమంటూ చెప్పుకుంటుంది. ఎన్నిసార్లు మిణుకుమన్నదో చూసుకుని తప్పుల పట్టికలో వెతుక్కోవాలి. చూశాను. ముందు కుడి చక్రం సెన్సర్ అని తేలింది. ఇంకేముంది, పని అయిపోయినట్టే అనుకున్నాను. జాకీ ఎక్కించి, చక్రం విప్పి, సెన్సర్ తీసి తుడిచాను. మీటర్ పెట్టి చూశాను. వైరు తెగలేదు. చక్రం చేత్తో తిప్పితే సెన్సర్ చక్కగా జవాబిచ్చింది. అన్నీ శుభ్రంగా బిగించి, తప్పు చెరిపేసి పంపించాను.

మర్నాడు పొద్దున మళ్ళీ వెలిగాయి. మధ్యాహ్నం చాచా బండి తెచ్చేసరికి మాయం.

రెండోసారి ముందు కుడి, ఎడమ సెన్సర్ల ప్లగ్గులన్నీ విప్పి కడిగి ఆరబెట్టాను. రోజంతా బండి మా దగ్గరే ఉంచుకున్నాను. వెలగలేదు. రాత్రి మా ఇంటి ముందే పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే మా ఆయన చార్మినార్ దాకా తిప్పుకొచ్చాడు. వెలగలేదు. చాచాకు అప్పగించాం. ఆ మరుసటి ఉదయం వెలిగాయి.

"ఇంజినీర్ సాబ్, నీ సన్న వైర్లు నీకే సవాల్ చేస్తున్నయి," అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయనకు మధ్యాహ్నం కూరలో ఉప్పు పడలేదు. మర్చిపోయానో కావాలని చేశానో ఇప్పటికీ అడుగుతుంటాడు.

అసలు గొడవ కార్వాన్‌లో మొదలైంది. రోజూ రాత్రి చాచా ఇంటి ముందుండే బండిని మేనల్లుడు ఒక రాత్రి గోడౌన్‌లోనే పెట్టించి, పొద్దున తానే నడిపి చూశాడు. లైట్లు వెలగలేదు. మధ్యాహ్నాలు అతను ఎప్పుడు తీసినా వెలగలేదు. మా ఆయన నడిపితే వెలగలేదు. చాచా నడిపితేనే, అదీ పొద్దునపూటే వెలుగుతున్నాయి. ఇక చెప్పేదేముంది? చాచా కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుందేమో, పాతకాలం అలవాట్లతో కొత్త బండిని పాడుచేస్తున్నాడేమో అని అతను మామకు చెప్పాడు. అతను చెడ్డవాడేమీ కాదు. అతని లెక్క చూస్తే నాకే తప్పు పట్టడానికి సందు దొరకలేదు.

ఆ సాయంత్రం చాచా బండి లేకుండా నడిచి వచ్చి మా షాపు బల్ల మీద కూర్చున్నాడు.

"పెండ్లిళ్ళ సీజన్ వస్తున్నది. వచ్చే సోమవారం నుంచి వేరే డ్రైవర్‌ను పెడ్తరంట బేటీ. నన్ను గోడౌన్ కాడ కుర్సీ ఏసుకొని కూసోమన్నడు సేట్. జీతం గట్లనే ఇస్తడంట. మంచోడు. నన్ను పోగొట్టుకోడు."

"మరి?"

"కూసొని ఏం జెయ్యాలె?" అన్నాడు. "నా చేతులు చూడు. ఇయి వేరే పని నేర్చుకోలె." ఆ రెండు చేతులూ గాలిలో స్టీరింగ్ పట్టుకున్నట్టే ఉన్నాయి. కావాలని పెట్టలేదు, అలా ఉండిపోయాయి.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వెనకే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. సెన్సర్ మీదే అయ్యుంటుంది. టీ తెప్పించి, పెన్సిల్ పట్టుకున్న టీచరమ్మలా ఆయన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను.

"పొద్దున లేచాక బండి దగ్గర ఏమేం చేస్తారు చాచా? ఒక్కటి కూడా వదలకుండా చెప్పండి."

"ఏం జేస్త? చాబీ తిప్పుత. పోత."

"అంతకు ముందు?"

"అంతకు ముందు నమాజ్. చాయ్."

"బండిని ఏమైనా ముట్టుకుంటారా? బానెట్ ఎత్తుతారా? నూనె చూస్తారా?"

"వారానికొక్కసారి చూస్త. రోజు ఏం ముట్టుకోను బేటీ. నా మీద నమ్మకం లేదా?"

"బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటారా?"

ఆయన మొహం చిన్నబోయింది. "గాజు మోసెటోన్ని. బ్రేకు నాకు నేర్పుతవా?" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే మీటర్ సంచి భుజాన వేసుకుని స్కూటర్ మీద చాచా ఇంటికి వెళ్ళాను. ఆయన పక్కన కూర్చుని కార్వాన్ దాకా వెళ్ళి, లైట్లు వెలిగే క్షణాన నా కళ్ళతో చూడాలని నా ఉద్దేశం. జబ్బు మా షాపుకు రానంటే మనమే జబ్బు ఇంటికి పోవాలి.

ఎండాకాలం. గల్లీ అప్పుడప్పుడే లేస్తోంది. ఎదురింటావిడ వాకిలి ఊడ్చి సాన్పి నీళ్ళు చల్లుతోంది. పక్కింటి ముందు మేకకు ఎవరో ఆకు వేస్తున్నారు. చాచా భార్య నాకు టీ ఇచ్చి, కుర్చీ లాగి, "ఈ లైట్ల వల్ల ఈయన రాత్రి పండుతలేడు" అంది మెల్లగా. నేను టీ ఊదుకుంటూ బండిని చూస్తున్నాను. చాచా లోపలి నుంచి బిందె తెచ్చాడు. చెంబుతో ముందు చక్రాల మీద నీళ్ళు పోశాడు. బానెట్‌ను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. తలుపు తీసి, బిస్మిల్లా అని లోపల కూర్చున్నాడు. నేను టీ గ్లాసు ఇచ్చేసి పక్క సీటు ఎక్కాను.

మీరు ఇప్పటికే పట్టేసి ఉంటారు. నేను పట్టలేదు. ఎందుకు పట్టలేదంటే ఆ దృశ్యం నాకు కొత్త కాదు. మా బస్తీలో పొద్దున్నే ఆటోలవాళ్ళు చక్రాలకు నీళ్ళు పోస్తారు, కొట్లవాళ్ళు గడపకు నీళ్ళు చల్లుతారు, మా ఆయన షటర్ ఎత్తగానే మెట్టు మీద ఒక మగ్గు పోస్తాడు. అది ఎవరి లెక్కలోనూ పని కాదు, మొహం కడుక్కోవడం లాంటిది. నా చూపంతా డ్యాష్‌బోర్డు మీదే ఉంది.

తాళం తిప్పగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాయి. అది మంచి గుర్తు, బండి తనను తాను సరిచూసుకుంటుంది. బయల్దేరాం. చాచా ఆ రెండు లైట్ల చోటుకేసి, రోడ్డుకేసి, మళ్ళీ లైట్ల చోటుకేసి చూస్తూ నడుపుతున్నాడు. అంత చక్కగా నడిపే మనిషి అలా బెదిరి బెదిరి చూస్తుంటే నాకే బాధేసింది. కాలు మాత్రం బ్రేకు మీద లేదు. నేను వంగి మరీ చూశాను.

మదీనా చౌరస్తా దాటి కుడి ఎడమలు తిరిగి పురానాపూల్ వైపు వెళ్తుంటే, ముందు ఒకటి, దాని వెనకే రెండోది, పసుపుపచ్చగా వెలిగాయి.

"అగో," అన్నాడు చాచా.

"ఆపండి చాచా. ఇంజిన్ ఆపొద్దు, పక్కకు పెట్టండి చాలు."

దిగి, సంచి తెరిచి, బానెట్ ఎత్తించి, ముందు కుడి సెన్సర్ ప్లగ్గు విప్పాను. ఆ వైరుకూ బండి ఇనుముకూ మధ్య ఏ చుట్టరికమూ ఉండకూడదు. మీటర్ పెట్టగానే అంకె కదిలింది. షాపులో ఎన్నిసార్లు చూసినా కదలని అంకె. చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి వైరు వెంబడి వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళు తడిగా ఉన్నాయి.

వాన పడి ఎన్నాళ్ళయిందో. రోడ్డు మీద ఎక్కడా చుక్క నీరు లేదు.

"చాచా, చక్రం లోపల ఎందుకు తడిగా ఉంది?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీళ్ళు పోసిన గద బేటీ. నువ్వు చూస్తనే ఉన్నవు."

నేను ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. నవ్వు ఆగలేదు. పాల క్యాన్లతో పోతున్న సైకిలాయన నన్ను చూసుకుంటూ వెళ్ళి ఇంకో సైకిలుకు తగిలించబోయాడు.

"రోజూ పోస్తారా?"

"రోజు పోస్త. ముందటి రెండిటికి."

"ఎంత?"

"ఒక్కో చెంబు. ఈ లైట్ల లొల్లి మొదలైనంక..." అని కొంచెం సిగ్గుపడ్డాడు. "ఎవరి నజరో పడ్డదని కుడి చక్రానికి ఇంకా ఎక్కువ పోస్తున్న. నువ్వే చెప్పినవు గద, ఖరాబీ కుడి చక్రంల ఉన్నదని."

నిన్న నేను అన్ని ప్రశ్నలు అడిగినా ఈ మాట ఆయన నోటి నుంచి రాలేదు. దాచలేదు. బండిని ఏమైనా చేస్తారా అని నేనడిగాను, ఇది ఆయన దృష్టిలో బండిని చేయడం కాదు. నేనైనా షాపు మెట్టు మీద మగ్గు నీళ్ళ సంగతి ఎవరికైనా చెప్పేదాన్నా?

"అసలు ఎందుకు పోస్తారు చాచా?"

"మా బాపు పోసెటోడు. బాపుది టాంగా. కట్టె చక్రాలు, మీద ఇనుప పట్టా. ఎండాకాలం కట్టె ఎండి సన్నబడితే పట్టా ఊసిపోతది. పొద్దుగాల నీళ్ళు పోస్తే కట్టె ఉబ్బి పట్టా గట్టిగ పట్టుకుంటది. లోపట గాజు సామాను ఉంటుండె. పట్టా జారితే అంత ఖతం. బాపు సచ్చిపోయినంక టాంగా పోయింది, మోటర్ వచ్చింది. నీళ్ళు పోసుడు మాత్రం నేను ఇడువలె."

అంటే చక్రం జారకుండా ఉండటానికే పోసిన నీళ్ళు. ఆ మాట పైకి అనలేదు గాని, నాకు ఆ రబ్బరు చక్రం మీద ఉన్నట్టుండి గౌరవం కలిగింది.

అక్కడి నుంచి బండి కార్వాన్‌లో దించాల్సినవి దించేసి తిన్నగా మా షాపుకు వచ్చింది. ఈసారి ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. సెన్సర్ వైరు బ్రేకు గొట్టం పక్కన ఒక క్లిప్పులోంచి వెళ్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ క్లిప్పు దగ్గర వంగి వంగి, పై తొడుగు వెంట్రుకంత పగిలింది. పొడిగా ఉన్నప్పుడు ఏ బాధా లేదు. నీళ్ళు పడితే మలుపులు తిరిగేటప్పుడు లోపలికి జారి, రాగి తీగకూ ఇనుముకూ లేని చుట్టరికం కలిపేవి, అప్పుడు సెన్సర్ లెక్క తప్పేది. మధ్యాహ్నం ఎండకు ఆరిపోయేది. ఇంజిన్ ఆపి మళ్ళీ తాళం తిప్పి కాస్త దూరం నడిపితే, లెక్క కుదిరి లైట్లు ఆరిపోయేవి. మా ఆయన ఆ తొడుగు చీల్చి చూపించాడు. లోపల రాగి చిలుము పట్టి పచ్చబడి ఉంది. చెడిన ముక్క కత్తిరించి, కొత్త వైరు టంకం వేసి, వేడి చేస్తే ముడుచుకునే తొడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, క్లిప్పు దగ్గర ఇంకాస్త వదులు ఇచ్చి బిగించాడు. లావు వైర్ల మనిషే కానీ టంకం పనిలో ఆయన చెయ్యి నా చెయ్యి కంటే నయం. అది నేను ఇంట్లో ఒప్పుకోను.

చాచా అంతసేపూ బల్ల మీద కూర్చుని చూశాడు. పని అయ్యాక దగ్గరికి వచ్చాడు.

"సేట్‌కు చెప్తవా? నీళ్ళ సంగతి."

ఆయన భయం నాకు అర్థమైంది. నీళ్ళ వల్ల అన్న ఒక్క మాట చాలు. ముసలాయన వల్లే అని మేనల్లుడు చెప్పింది నిజమైపోతుంది, సోమవారం నుంచి కుర్చీయే గతి.

"పగిలింది వైరు చాచా. మీరు పగలగొట్టలేదు. నాలుగు చినుకులు పడితే ఎవరు నడిపినా లైట్లు వెలిగేవే. మీరు వానకంటే ముందే పట్టించారు."

"అయితే నీళ్ళు బంద్ జెయ్యాల్నా?"

"రేపు పొద్దున బిందె నిండా పెట్టుకోండి. ఎన్ని పోస్తారో పోయండి. సేట్‌ను నేను పిలుస్తాను."

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఏందే, నా టంకం మీద గంత నమ్మకమా? జెర ముందుగాల మనం పోసి చూసుకుందాం" అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ వినను గాని ఆ రోజు విన్నాను. చాచా వెళ్ళాక ఇద్దరం మగ్గులతో నీళ్ళు పోసి, తిప్పి, మళ్ళీ పోసి, మళ్ళీ తిప్పాం. వెలగలేదు. చీకటి పడ్డాక మా ఆయన బండిని చాచా ఇంటి ముందు పెట్టి వచ్చాడు. అయినా ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

మర్నాడు సేట్, మేనల్లుడిని వెంటబెట్టుకుని, చాచా ఇంటికే వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. "ఏం జేసినవు బిడ్డా?" అని అడిగాడు.

ఏదీ దాచలేదు. వైరు పగిలిన చోటు, నీళ్ళు పడితే ఏమయ్యేదో, ఎండలో ఎందుకు మాయమయ్యేదో, చాచా రోజూ చక్రాలకు నీళ్ళు పోసే సంగతి, అన్నీ చెప్పాను. "వానాకాలంలో నిండుగా సామాను వేసుకుని పోతున్నప్పుడు తెలిసే రోగం, చాచా నీళ్ళ వల్ల ఇప్పుడే తెలిసింది సేట్‌జీ. ఇప్పుడు మీ ముందే నీళ్ళు పోయిస్తాను. కార్వాన్ దాకా వెళ్ళండి. వెలిగితే తప్పు నా పనిది, చాచాది కాదు."

మేనల్లుడు నేను తెచ్చిన వైరు ముక్క చేతిలోకి తీసుకుని పచ్చబడిన రాగిని గోటితో గీకి చూశాడు. "ఇది నాకు తట్టనే లేదు," అన్నాడు చాచా వైపు తిరిగి. అంతకంటే ఎక్కువ ఎవరమూ ఆశించలేదు.

చాచా బిందె తెచ్చాడు. సగం నీళ్ళు లాల్చీ మీదే పడ్డాయి. కుడి చక్రానికి పోశాడు. ఎడమ చక్రం వైపు వెళ్తుంటే సేట్ చెయ్యి చాపాడు.

"ఇటియ్యి చెంబు."

చాచా అర్థం కాక నిలబడ్డాడు.

"మీ బాపు టాంగాకు నేను పోసెటోన్ని చిన్నప్పుడు. దుకాణం ముందట ఆగంగనే ఉరికెటోన్ని. మర్చిపోయినవా?" అని, ధోవతి అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, వంగి ఎడమ చక్రం మీద నీళ్ళు పోశాడు. చెంబు తిరిగి ఇచ్చి, ముందు సీటులో చాచా పక్కన కూర్చున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను స్కూటర్ మీద షాపుకు వచ్చాను గాని పని సాగలేదు. ఫోన్ పక్కనే కూర్చున్నాను. కార్వాన్ చేరగానే సేట్ ఫోన్ చేశాడు. "వెలగలె," అన్నాడు. ఆ వెంటనే, "సోమవారం గాజు సామాను నిజామాబాద్ పోవాలె. చాచా తీసుకపోతడు" అన్నాడు. రిసీవర్ పెట్టేసి మా ఆయన్ని చూసి నవ్వాను. టీ రెండు కాదు, పక్క హోటల్లో ఉన్న వాళ్ళందరికీ చెప్పాడాయన.

ఆ తర్వాత చాచా ఆ బండిని చాలా ఏళ్ళు నడిపాడు. తాళం ఇవ్వమని ఆయన్ని ఎవరూ అడగలేదు. కంటి చూపు తగ్గుతోందని ఆయనకే అనిపించిన రోజున తానే తీసుకెళ్ళి సేట్ చేతిలో పెట్టాడు. కుర్చీ వేస్తానన్నాడట సేట్. ఇంట్లో కుర్చీ ఉంది, చాలన్నాడట ఈయన.

ఆ మర్నాడు పొద్దున మేం షటర్ ఎత్తుతుంటే చాచా నడుచుకుంటూ వచ్చాడు. ఏం పని మీద వచ్చారని అడగబోయాను. ఆయన అప్పటికే మా డ్రమ్ములో మగ్గు ముంచుతున్నాడు. నా స్కూటర్ దగ్గరికి వెళ్ళి, ముందు చక్రం మీద కొన్ని, వెనక చక్రం మీద కొన్ని నీళ్ళు పోశాడు.

"చేతులు ఊకుంటలెవ్వు బేటీ," అన్నాడు.

జీవితమంతా వైర్ల మీద నీళ్ళు పడనివ్వకుండా కాపలా కాసిన మనిషిని నేను. "ఇటు హెడ్‌లైట్ వైపు వద్దు చాచా" అని మాత్రం అన్నాను. ఆయన తలూపి, మగ్గు బోర్లించి, బల్ల మీద కూర్చున్నాడు. మర్నాడు కూడా అదే వేళకు వచ్చాడు. ఆ రోజు నేను డ్రమ్ము ముందే నింపి పెట్టాను.